ఒంట్లో కొవ్వెంత? యంత్రం కొలిచేదేమిటి, ఊహించేదేమిటి

1980 ప్రాంతంలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో కొందరు శాస్త్రవేత్తలు చాలా ఓపిక కావలసిన పనికి పూనుకున్నారు. పరిశోధన కోసం 25 మృతదేహాలను తీసుకుని, ఒక్కొక్క దేహంలోనూ చర్మాన్ని, కొవ్వు పొరలను, కండను, ఎముకలను, అవయవాలను వేరుచేసి దేనికది తూచారు. అలా వేరుచేసే ముందు బయటి నుంచి చర్మపు మడతల మందం, చుట్టుకొలతలు తీసి రాసుకున్నారు. బయటి కొలతలు లోపలి కొవ్వును ఎంత నిజంగా చెబుతున్నాయో తేల్చుకోవాలని వాళ్ల తపన. పెద్దవాళ్ల శరీరంలోని కొవ్వును అంత నేరుగా తూచిన సందర్భాలు చాలా కొద్ది. ఎందుకో చెప్పనక్కరలేదు. కొవ్వును త్రాసులో వేయాలంటే మనిషి బతికి ఉండకూడదు.

బతికున్నవాళ్ల విషయంలో చుట్టుతిరిగి వెళ్లక తప్పదు. శరీరానికి సంబంధించి కొలవడానికి వీలైన మరేదో గుణాన్ని పట్టుకోవాలి. ఒళ్లు నీళ్లలో ఎంత తేలుతుంది, కరెంటును ఎంత అడ్డుకుంటుంది, ఎక్స్‌రేను ఎంత పీల్చుకుంటుంది, చర్మాన్ని పట్టి లాగితే మడత ఎంత మందంగా వస్తుంది, ఇలాంటివి. ఆ సంఖ్యను ఒక సమీకరణంలో వేస్తే కొవ్వు శాతం వస్తుంది. తెర మీద కనిపించే 27.4 అనే అంకెలో కొంత కొలత, కొంత ఊహ. రెండూ కలిసిపోయి ఒకే సంఖ్యగా కనబడడంతోనే చిక్కంతా మొదలవుతుంది. ఒకే మనిషికి ఒకే వారంలో మూడు పద్ధతులు మూడు శాతాలు చూపిస్తే, రెండు యంత్రాలు పాడయ్యాయని అనుకుంటాం. మూడూ బాగానే పనిచేసి ఉండవచ్చు. మూడూ కొలిచిన వస్తువులు వేరు, నమ్మిన ఊహలు వేరు. అందుకే కొవ్వు శాతం ఎవరు చెప్పినా నేను ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది నిజంగా కొలిచిందేమిటి? మిగతాది దేన్ని నమ్మి లెక్కగట్టింది?

ఎత్తు, బరువు చెప్పలేని సంగతి

ముందు బీఎంఐని ఈ ప్రశ్నల ముందు నిలబెడదాం. అది కొలిచేవి బరువు, ఎత్తు మాత్రమే. కిలోల్లో బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే జనసమూహాల కొలతలను పరిశీలిస్తూ, పెద్దవాళ్లలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతోందని గమనించాడు. ఆయన వెతుకుతున్నది 'సగటు మనిషి' కోసం; స్థూలకాయం ఆయన ఆలోచనలోనే లేదు. ఆ నిష్పత్తికి 'బాడీ మాస్ ఇండెక్స్' అనే పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది.

170 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు రోజంతా బరువులు మోసేవారు, రెండోవారు రోజంతా కుర్చీలో కూర్చునేవారు. ఇద్దరి బీఎంఐ 27. మొదటివారి ఒంట్లో కొవ్వు 15 శాతం, రెండోవారి ఒంట్లో 32 శాతం ఉన్నా ఆ సంఖ్య మారదు. బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అనే ప్రశ్న దానికి వినబడదు.

అయితే బీఎంఐ మీద వచ్చే ప్రధానమైన ఫిర్యాదు, అంటే కండలు తిరిగినవాళ్లను లావు మనుషుల కింద జమకడుతుందన్నది, నా దృష్టిలో దాని చిన్న లోపం. పెద్ద లోపం ఎదురు దిక్కులో ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారంతో 2008లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, కొవ్వు ఎక్కువ లేనివాళ్లను బీఎంఐ 30 అనే గీత పొరపాటున పట్టుకోవడం చాలా అరుదు. కానీ కొవ్వు శాతం నిజంగా ఎక్కువగా ఉన్న పురుషుల్లో 36 శాతం మందిని, స్త్రీలలో 49 శాతం మందిని మాత్రమే అది పట్టుకోగలిగింది. మిగిలినవాళ్లంతా 'పరవాలేదు' అనిపించుకుని వెళ్లిపోయారు. ఆ విశ్లేషణలో 'నిజమైన కొవ్వు శాతం'గా తీసుకున్నది కూడా కరెంటు పంపి లెక్కగట్టిన అంచనాయే కనుక, ఆ అంకెలనూ కాస్త సడలించే చదవాలి. ఒకే బీఎంఐ దగ్గర ఆసియా జనాభాలో సగటున కొవ్వు శాతం ఎక్కువగా ఉంటుందన్నది మాత్రం చాలా పరిశోధనలు చెప్పిన సంగతి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో వాళ్ల కోసం 23, 27.5 అనే అదనపు గీతలు సూచించారు.

నీళ్లలో తూకం

1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కీ, తన సహచరుడితో కలిసి 25 మంది వృత్తి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించాడు. అప్పట్లో బీమా కంపెనీలు వాడే ఎత్తు-బరువు పట్టికల ప్రకారం వాళ్లలో 17 మంది అధిక బరువు వల్ల సైన్యానికి పనికిరారు. నీళ్లలో ముంచి తూచి చూస్తే వాళ్లలో చాలామందిది కండ బరువని తేలింది. శరీరంలో ఏముందన్న ప్రశ్నకు త్రాసు జవాబు చెప్పలేదని అంత స్పష్టంగా చూపిన పరీక్ష అంతకు ముందు లేదు.

ఈ పద్ధతిని కాస్త దగ్గర నుంచి చూడడం మంచిది. తర్వాత వచ్చిన చాలా పద్ధతులు దీని భుజాల మీద నిలబడ్డవే. గోరువెచ్చని నీళ్ల తొట్టెలో త్రాసుకు వేలాడే కుర్చీ ఉంటుంది. మనిషి అందులో కూర్చుని, ఊపిరితిత్తుల్లోని గాలిని ఆఖరి బొట్టు దాకా బయటికి వదిలి, తల పూర్తిగా ముంచి, త్రాసు ముల్లు నిలిచేదాకా కదలకుండా ఉండాలి. మొదటిసారి ఎవరికీ సరిగా రాదు. గాలి పూర్తిగా వదిలేసి నీళ్ల కింద ఉండడానికి ఒళ్లు ఒప్పుకోదు. అందుకని ఎనిమిది పదిసార్లు చేయించి, నిలకడగా వచ్చిన తూకాలు తీసుకుంటారు.

గాలిలో 70 కిలోలున్న మనిషి నీళ్లలో 3 కిలోలే తూగాడనుకుందాం. తేడా 67 కిలోలు; అది పక్కకు తప్పుకున్న నీటి బరువు. దాని నుంచి శరీర పరిమాణం 67 లీటర్లకు కొద్దిగా పైన వస్తుంది. ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో లీటరుకు పైగా గాలి మిగులుతుంది కనుక దాన్ని విడిగా కొలిచి తీసేయాలి. చివరికి దాదాపు 66 లీటర్లు మిగిలితే, సాంద్రత 1.06. ఇంతవరకూ జరిగింది కొలత. ఇక్కడి నుంచి ఊహ మొదలవుతుంది. కొవ్వు సాంద్రత 0.9 అనీ, కొవ్వు మినహా మిగతా శరీరమంతటి సాంద్రత 1.1 అనీ నమ్మి, అమెరికా శాస్త్రవేత్త విలియం సిరి ఒక చిన్న సూత్రం రాశాడు: 495ను సాంద్రతతో భాగించి, అందులోంచి 450 తీసేయండి. మన ఉదాహరణలో జవాబు 17 శాతం.

కొవ్వు సాంద్రత విషయంలో ఇబ్బంది లేదు, అది మనిషి మనిషికీ పెద్దగా మారదు. ఆ 1.1 దగ్గరే ఉంది తంటా. కొవ్వు లేని భాగమంటే నీళ్లు, ప్రోటీను, ఎముకల్లోని ఖనిజాలు. వాటి పాళ్లు అందరిలో ఒకటే అనడానికి ఆధారం, అప్పటికి రసాయన విశ్లేషణ చేసిన కొద్ది మృతదేహాలు మాత్రమే. ఎముకలు పలచబడిన వృద్ధురాలి విషయంలో ఆ సాంద్రత 1.1 కంటే తగ్గుతుంది. సూత్రం ఆ లోటును కొవ్వుగా లెక్కవేస్తుంది. గట్టి ఎముకలు, నిండైన కండ ఉన్న క్రీడాకారుడిలో అది 1.1 దాటవచ్చు. అతని మొత్తం సాంద్రత 1.105 వచ్చిందంటే, సూత్రం అతని కొవ్వు సున్నా కంటే రెండు శాతం తక్కువ అని చెబుతుంది. అలాంటి అసాధ్యమైన ఫలితాలు నిజంగానే నమోదయ్యాయి. నీళ్లలో తూకం ఎంత జాగ్రత్తగా తీసినా, ఈ పాళ్ల తేడా ఒక్కదాని వల్లనే ఒక వ్యక్తి విషయంలో దాదాపు 4 శాతం అటూ ఇటూ కావచ్చని సిరి స్వయంగా అంచనా వేశాడు. తన సూత్రం హద్దు తానే చెప్పిన ఆ నిజాయితీ, దాన్ని వాడినవాళ్లలో చాలామందికి అబ్బలేదు. గాలి లెక్కలో తేడా వస్తే అదొక అదనపు తప్పు: మన 70 కిలోల మనిషి ఊపిరితిత్తుల గాలిని 100 మిల్లీలీటర్లు తప్పుగా అంచనా వేస్తే కొవ్వు 0.7 శాతం మారిపోతుంది.

నీళ్లకు బదులు గాలితో పరిమాణం కొలిచే గుడ్డు ఆకారపు గది 1990ల మధ్యలో వచ్చింది. 'బాడ్ పాడ్' అన్నది దాని వ్యాపార నామం. మునగాల్సిన అవసరం లేదు, వయసు మీరినవాళ్లూ కూర్చోగలరు. ఒంటికి అతుక్కునే బట్టలు, జుట్టును నొక్కి ఉంచే టోపీ మాత్రం తప్పనిసరి. వదులు బట్టల్లో, జుట్టులో చిక్కుకున్న గాలి లెక్కను చెడగొడుతుంది. పరిమాణం తెలిశాక కొవ్వు శాతం కోసం వెళ్లేది మళ్లీ ఆ సిరి సూత్రం దగ్గరికో, దాని తోబుట్టువు దగ్గరికో. కనుక పాత ఊహ అలాగే ఉంటుంది.

వేళ్ల మధ్య మడత

చర్మం కింద ఉన్న కొవ్వును మడత పట్టి కొలవడం చూడటానికి సులువైన పని. చేతి వెనుక, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెడతారు. ఆ గుర్తుకు సెంటీమీటరు పైన బొటనవేలు, చూపుడువేళ్లతో చర్మాన్ని, దాని కింది కొవ్వునూ కలిపి కండ నుంచి వేరుగా పైకి లాగుతారు. క్యాలిపర్ (మందం కొలిచే పట్టుకారు లాంటి పరికరం) దవడలను గుర్తు దగ్గర ఆనించి వదిలితే, అవి నిర్దిష్టమైన ఒత్తిడితో మడతను నొక్కుతాయి. రెండు సెకన్లలో ముల్లు చూసి రాసుకోవాలి. ఇంకాసేపు ఆగితే కొవ్వు ఆ ఒత్తిడికి అణగుతూ పోతుంది, అంకె తగ్గుతూ పోతుంది. గుర్తు ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా, మడతలోకి కొద్దిగా కండ వచ్చినా ఫలితం మారుతుంది. ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు ఫలితాలు వచ్చేది అందుకే. బ్రస్సెల్స్ మృతదేహాల మీద పని చేసినవాళ్లు కూడా ఈ అణగే గుణం ఒక్కో మనిషిలో, ఒక్కో చోట ఒక్కోలా ఉందని చూశారు.

ఇక్కడి ఊహ ఏమిటంటే, చర్మం కింద ఇంత ఉంటే లోపల అవయవాల చుట్టూ ఇంత ఉంటుందని. వయసు పెరిగేకొద్దీ లోపలి వాటా పెరుగుతుంది. అందుకే డర్నిన్, వోమర్స్లీ అనే పరిశోధకులు 1974లో 481 మందిని కొలిచి తయారుచేసిన ప్రసిద్ధ పట్టికల్లో వయసుకో లెక్క, స్త్రీ పురుషులకు వేర్వేరు లెక్కలు ఉన్నాయి. ఆ 481 మంది అసలు కొవ్వు శాతం వాళ్లకు ఎలా తెలిసింది? నీళ్లలో తూచి. అంటే 1.1 అనే ఊహలోని తప్పు మడతల సూత్రంలోకి వారసత్వంగా వచ్చింది. ఈ గొలుసును గుర్తుపెట్టుకోవడం చాలా ముఖ్యమని నా అభిప్రాయం. కొవ్వు కొలిచే పద్ధతుల్లో ఎక్కువ భాగం మరో పద్ధతి దగ్గర అప్పు తెచ్చుకున్నవే.

క్రీడా శాస్త్రంలో ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు ఆ అప్పు మానేశారు. ఏడెనిమిది చోట్ల మడతలు కొలిచి, ఆ మిల్లీమీటర్లను కూడి, ఆ మొత్తాన్నే రాసుకుంటారు, శాతంగా మార్చరు. మూడు నెలల కింద 92 మిల్లీమీటర్లు, ఇప్పుడు 78. చర్మం కింద కొవ్వు తగ్గిందని చెప్పడానికి అంతకంటే ఏమీ అక్కరలేదు. నైపుణ్యం ఉన్న ఒకే మనిషి ప్రతిసారీ కొలిస్తే, ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నిజాయితీగల కొలత మరొకటి నాకు కనబడలేదు.

కాళ్ల కింద త్రాసు

ఇళ్లలోకి, జిమ్ముల్లోకి ఎక్కువగా వచ్చింది కరెంటు పద్ధతి. త్రాసు మీది లోహపు పలకల నుంచి ఒంట్లోకి మనకు తెలియనంత చిన్న విద్యుత్ ప్రవాహం వెళుతుంది. చాలా యంత్రాల్లో అది సెకనుకు 50 వేలసార్లు అటూ ఇటూ ఊగే ప్రవాహం. ఉప్పు నీళ్లు నిండిన కండ దాన్ని సులువుగా పోనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. యంత్రం కొలిచేది ఈ అడ్డంకిని. అక్కడితో దాని కొలత ముగిసింది. అడ్డంకి నుంచి ఒంట్లోని నీళ్లు, నీళ్ల నుంచి కొవ్వు లేని బరువు, మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే కొవ్వు. ప్రతి మెట్టూ ఒక ఊహే. కొవ్వు లేని భాగంలో 73 శాతం నీళ్లే అన్నది వాటిలో పెద్దది.

మరో చిక్కు శరీరం ఆకారంలో ఉంది. సన్నటి పొడవాటి గొట్టం లావుపాటి పొట్టి గొట్టం కంటే ప్రవాహాన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది కదా. ఒక చేయి మన బరువులో 4 శాతమే ఉంటుంది, కానీ చేతి నుంచి కాలి వరకు కొలిచే అడ్డంకిలో దాదాపు సగానికి దగ్గరగా దానిదే. మొండెం మన బరువులో సగానికి కొద్దిగా తక్కువ, అడ్డంకిలో మాత్రం పదో వంతు. ఆరోగ్యానికి అసలు కీలకమైన పొట్ట గురించి ఈ యంత్రానికి అందే సమాచారం అంత తక్కువ. పాదాల నుంచి పాదాలకు మాత్రమే కరెంటు పంపే త్రాసు ముఖ్యంగా చూసేది కాళ్లనే. అదే త్రాసు 'అవయవాల చుట్టూ కొవ్వు స్థాయి 9' అని చూపిస్తే, అందులో కొలత పాలు ఎంతో ఊహించుకోవచ్చు.

నేను ఒకసారి ఇంట్లోని అలాంటి త్రాసు మీద ఒక చిన్న ప్రయోగం చేశాను. బరువు, కొవ్వు శాతం రాసుకుని, దిగి, అందులో నమోదైన నా వయసును ముప్ఫయి ఏళ్లు పెంచి, మళ్లీ ఎక్కాను. రెండు నిమిషాల్లో నా ఒళ్లేమీ మారలేదు, కొవ్వు శాతం మాత్రం మారింది. కొన్ని త్రాసుల్లో 'క్రీడాకారుడు' అని ఎంచుకుంటే శాతం ఒక్కసారిగా పడిపోతుంది. సమీకరణంలో వయసు, ఎత్తు, బరువు, స్త్రీయా పురుషుడా అన్నవి ఎంత బరువైన పాత్ర పోషిస్తున్నాయో ఇలా ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు.

నీళ్ల సంగతి కూడా ఇలాంటిదే. ఒంట్లో నీళ్లు తగ్గితే అడ్డంకి పెరుగుతుంది, యంత్రం దాన్ని కొవ్వుగా చదువుతుంది. అప్పుడే అర లీటరు నీళ్లు తాగి ఎక్కితే ఆ నీళ్లు పొట్టలో ఉన్నాయి. పొట్ట వాటా అడ్డంకిలో చాలా తక్కువ కనుక అది కదలదు, బరువు మాత్రం అర కిలో పెరుగుతుంది. ఆ అర కిలోలో ఎక్కువ భాగం కొవ్వు ఖాతాలో పడుతుంది. వ్యాయామం చేసి వెచ్చబడిన చర్మం, వాచిన కాళ్లు, కొంతసేపు పడుకుని లేవడం కూడా అంకెను కదుపుతాయి. పెద్ద గుంపుల సగటు చెప్పడంలో ఈ పద్ధతి ఫరవాలేదు. ఒక్క మనిషి విషయంలో నాలుగైదు శాతం అటూ ఇటూ పోవడం మామూలు విషయమే. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ త్రాసులకు దూరంగా ఉండాలని తయారీదారులే హెచ్చరిస్తారు.

డెక్సా: మంచిదే, అంతిమ తీర్పు కాదు

ఎముకల సాంద్రత చూడటానికి వచ్చిన డెక్సా యంత్రం కొవ్వు కొలతలో ఇప్పుడు పెద్ద పీట మీద కూర్చుంది. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలు ఒంటి గుండా పంపితే ఎముక, కండ, కొవ్వు ఒక్కొక్కటీ వాటిని ఒక్కో నిష్పత్తిలో తగ్గిస్తాయి. పడుకోబెట్టి పది నిమిషాల్లో తల నుంచి పాదాల దాకా చిత్రం తీసి, చేతుల్లో ఇంత, కాళ్లలో ఇంత, మొండెంలో ఇంత అని విడివిడిగా చెబుతుంది. రేడియేషన్ కొన్ని మైక్రోసీవర్టులు. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి రోజుకు ఆరున్నర మైక్రోసీవర్టులు ఎలాగూ అందుతూనే ఉంటాయి కనుక దానికి భయపడనక్కరలేదు. గర్భిణులకు మాత్రం చేయరు.

రెండు శక్తులతో రెండు తెలియనివాటినే తేల్చవచ్చు. చిత్రంలోని ఒక చుక్క దగ్గర ఎముక లేకపోతే కండ ఎంత, కొవ్వు ఎంత అని తేలుతుంది. ఎముక ఉన్న చోట ముందు ఎముకను, మెత్తటి భాగాన్ని విడదీయడానికే ఆ సమాచారం సరిపోతుంది; ఆ మెత్తటి భాగంలో కొవ్వు పాలెంతో పక్క చుక్కలను చూసి అంచనా వేయాలి. మొత్తం శరీరపు చిత్రంలో దాదాపు 40 శాతం చుక్కల్లో ఎముక ఉంటుంది. ఛాతీ, చేతులు నిండా ఎముకలే. ఈ అంచనా ఎలా వేయాలన్నది ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కోలా చేస్తుంది. అందుకని ఒకే రోజు రెండు కంపెనీల యంత్రాల మీద పడుకున్న మనిషికి రెండు శాతాలు రావడం సహజం. సాఫ్ట్‌వేర్ మారితే పాత స్కాన్‌తో పోలిక కూడా చెడుతుంది.

'లీన్' అని డెక్సా నివేదికలో రాసే వరుసను కండ అని చదువుకునేవాళ్లు ఎక్కువ. అందులో కాలేయం ఉంది, గుండె ఉంది, పేగులున్నాయి, స్కాన్‌కు ముందు తాగిన మంచినీళ్లున్నాయి. ఇది చాలా అపోహలకు మూలం కనుక గట్టిగా చెబుతున్నాను. ఎముక, కొవ్వు కానిదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది

ఇప్పటిదాకా చూసినవన్నీ మొత్తం కొవ్వు గురించి. 1947లో ఫ్రెంచ్ వైద్యుడు జాన్ వాగ్ వేరే ప్రశ్న వేశాడు. నడుము పైభాగంలో కొవ్వు పేరుకున్నవాళ్లకు, తొడలు పిరుదుల దగ్గర పేరుకున్నవాళ్లకు వచ్చే జబ్బులు ఒకేలా లేవని ఆయన గమనించాడు. తర్వాతి దశాబ్దాల్లో సీటీ, ఎంఆర్ఐ యంత్రాలు వచ్చి పొట్ట అడ్డుకోతను కళ్లకు చూపాక ఆ తేడా స్పష్టమైంది. చర్మం కింది కొవ్వు ఒకటి, పేగుల చుట్టూ కాలేయం చుట్టూ చేరే కొవ్వు మరొకటి. మధుమేహం, గుండె జబ్బుల ముప్పుతో గట్టి ముడి రెండోదానికి ఉంది.

కొవ్వును నిజంగా 'చూసే' పద్ధతులు సీటీ, ఎంఆర్ఐ. అయినా చిన్న మెలిక ఉంది. చిత్రంలో కనబడేది కొవ్వు కణజాలం. అందులో శుద్ధమైన కొవ్వు దాదాపు 80 శాతమే. మిగిలింది నీళ్లు, ప్రోటీను. డెక్సా చెప్పే కొవ్వు కిలోలు, ఎంఆర్ఐ చెప్పే కొవ్వు కణజాలం కిలోలు ఒకటి కాకపోవడానికి ఇదొక కారణం. సీటీలో రేడియేషన్ డెక్సా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక కేవలం కొవ్వు కోసం దాన్ని తీయించుకోవడం సరికాదు. మరో జబ్బు కోసం తీసిన సీటీ ఉంటే అందులోంచి చదవవచ్చు. ఎంఆర్ఐకి ఆ బాధ లేదు, ఖర్చు, సమయం ఎక్కువ.

ఈ యంత్రాల ముందు దర్జీ టేపు చాలా చిన్న వస్తువు. కానీ పొట్ట గురించి అది చెప్పేది కాళ్ల కింది త్రాసు చెప్పేదానికంటే నమ్మదగినది. ప్యాంటు సైజును నడుము కొలత అనుకోకూడదు, ప్యాంటు అంతకంటే కిందనే ఆగుతుంది. పక్కన వేళ్లతో తడిమితే ఆఖరి పక్కటెముక అంచు దొరుకుతుంది, ఇంకా కిందికి వస్తే తుంటి ఎముక పై అంచు దొరుకుతుంది. రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. వెనుకవైపు టేపు జారి కిందికి దిగడం అందరికీ జరిగే పొరపాటు. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటే తెలిసిపోతుంది. పొట్ట బిగించకుండా, మామూలుగా ఊపిరి వదిలిన చివర చదవాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. నేను నాలుగుసార్లు కొలుచుకుంటే మొదటి రెండింటికీ రెండు సెంటీమీటర్ల తేడా వచ్చింది, చేయి కుదిరాక తర్వాతి రెండూ అర సెంటీమీటరు లోపల ఉన్నాయి. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదన్న సులువైన కొలమానాన్ని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2022లో స్వీకరించాయి. 170 సెంటీమీటర్ల మనిషికి ఆ గీత 85. స్థూలకాయ నిర్ధారణపై 2025 జనవరిలో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల నివేదిక కూడా బీఎంఐ ఒక్కదాని మీద ఆధారపడవద్దనీ, నడుము కొలత లాంటిదో, నేరుగా కొవ్వు కొలిచేదో తోడు ఉండాలనీ సూచించింది.

ఒక మనిషి, రెండు తేదీలు

పరిశోధకులు నిజంగా ఖచ్చితమైన సంఖ్య కావాలనుకుంటే ఏ ఒక్క పద్ధతినీ నమ్మరు. సాంద్రతను ఒక దారిలో, ఎముక ఖనిజాన్ని డెక్సాతో, ఒంట్లోని నీళ్లను కొద్దిగా భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు) తాగించి కొన్ని గంటల తర్వాత తీసిన లాలాజలంతో, ఇలా ఒక్కొక్కటీ విడిగా కొలిచి కలుపుతారు. ఇతరులు ఊహించిన పాళ్లను వీళ్లు కొలుస్తారు కనుక తప్పు తగ్గుతుంది. అది ప్రయోగశాల పని. మామూలు మనిషికి కావలసింది చాలావరకు వేరు: నాకు ముప్పు ఉందా, నేను మారుతున్నానా అన్న రెండు ప్రశ్నలకు జవాబు. ముప్పుకు టేపు, రక్త పరీక్షలు శాతం కంటే మెరుగైన జవాబిస్తాయి. పెద్దవాళ్లకు ఇంత శాతం ఆరోగ్యకరం అని అందరూ ఒప్పుకున్న గీత కూడా లేదు. గోడల మీద కనిపించే రంగురంగుల పట్టికలు ఒకదానితో ఒకటి పొసగవు.

మార్పు విషయానికొస్తే, అయిదు నిమిషాలు ముందుకు నడిచే గడియారం సమయం తప్పు చెబుతుంది, కానీ అన్నం ఎంతసేపు ఉడికిందో సరిగ్గానే చెబుతుంది. ప్రతిసారీ ఒకేలా తప్పే యంత్రంతో మార్పును పట్టవచ్చు. ఆ తప్పు ఒకసారి అయిదు, ఒకసారి రెండు అయితేనే కష్టం. డెక్సా ఎక్కువగా మొదటి రకం. అయినా దానికీ ఊగిసలాట ఉంటుంది. ఎముకల పరీక్షల్లో వాడే లెక్క ఇక్కడా పనికొస్తుంది: అదే మనిషిని దించి మళ్లీ పడుకోబెట్టి తీస్తే వచ్చే సహజమైన తేడాకు 2.77 రెట్లు మించిన మార్పును మాత్రమే 95 శాతం నమ్మకంతో నిజమైన మార్పుగా తీసుకోవాలి. యంత్రం సహజమైన తేడా ఒక శాతం అయితే, 31 నుంచి 29.5కు దిగినందుకు సంబరపడే సమయం ఇంకా రాలేదు. 28.2 కిందికి రావాలి.

బరువు తగ్గించే ఆహార నియమాలు, మందులు మొదలుపెట్టినవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. తగ్గిన బరువులో కొంత కండ కూడా ఉంటుంది, అది ఎంతో తెలుసుకోవాలనే ఆత్రుత న్యాయమైనదే. కానీ తిండి తగ్గించిన మొదటి రోజుల్లో కండలో, కాలేయంలో దాచిన గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది; దాని ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు పోతాయి. డెక్సా ఆ నీళ్లను లీన్ కింద లెక్కవేస్తుంది కనుక, కండ కరిగిపోయినట్టు నివేదిక వస్తుంది. మళ్లీ మామూలుగా తిన్న రెండు రోజులకు అదే 'కండ' తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి మొదటి స్కాన్‌ను ఆహారం మార్చకముందే తీయించుకోవాలి. రెండోదాన్ని కనీసం మూడు నెలల తర్వాత, అదే యంత్రం మీద, అదే సాఫ్ట్‌వేర్‌తో, ఉదయం ఏమీ తినకముందు, ముందురోజు గట్టి వ్యాయామం లేకుండా తీయించుకోవాలి. ఈ రెండింటి మధ్య ఇంట్లో వారానికొకసారి టేపు పట్టుకుంటే సరిపోతుంది.